తోక టిక్కు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. నీటి పంపుల ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికొస్తే ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఆమె అందరికీ చెవక్కే. పై అధికారులు కూడా ఫైలు మీద అసలు పేరు రాసి, పిలవాల్సి వచ్చేసరికి ఆ చెవక్కని రమ్మనమనేవారు. దానికామె ఏనాడూ నొచ్చుకోలేదు. ఒంట్లో ఒక్క అవయవమైనా ఉద్యోగానికి పనికొస్తుందని పేరు తెచ్చుకోవడం ఆ ఫ్యాక్టరీలో చిన్న సంగతి కాదు. పై అంతస్తులో చాలామందికి ఆ ఒక్కటీ లేదు.

ఆమె పని వినడం. బిగింపు పూర్తయిన ప్రతి పంపూ ఆమె బల్ల మీదికి వచ్చేది. కరెంటు ఇచ్చి తిప్పేవారు. ఆమె మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు తీసుకుని, మొనను బేరింగు ఉన్నచోట ఆనించి, చెక్క పిడిని చెవికి నొక్కిపెట్టి కళ్ళు మూసుకునేది. పది లెక్కపెట్టేలోపు సంగతి తేలిపోయేది. పళ్ళు నూరుతున్నట్టుంటే గ్రీజు చాలలేదు. ఎక్కిళ్ళు వస్తున్నట్టుంటే లోపల గుండు ఒకటి దెబ్బతింది. ఏమీ వినపడకపోతే అది మంచి పంపు.

ఈ విద్య ఆమెకు కాలేజీలో రాలేదు. వైండింగు బల్ల దగ్గర రాగి తీగ చుట్టుకుంటూ కూర్చున్న రోజుల్లో, నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను గురువారం దాటి బతకదని పక్కావిడతో అంది. అది బుధవారమే ఆగింది. ఆ మాట తనిఖీ విభాగం పెద్దాయన చెవిన పడింది. ఆయనకు అప్పటికే వినికిడి మందగిస్తోంది, ఆ సంగతి పైవాళ్ళకు తెలియకముందే వారసుణ్ణి వెతుక్కోవాలని తంటాలు పడుతున్నాడు. అలా ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళ వయసప్పుడు ఆయన స్క్రూడ్రైవరు ఆమె చేతికి వచ్చింది. అది స్క్రూలు తిప్పడానికి కాదని, ఒక్కసారి తిప్పినా మొన అరిగి వినికిడి పాడవుతుందని ఆయన ఒట్టు వేయించుకున్నాడు.

ఇంటిదగ్గర కథ వేరు. ఆమె భర్త రేకులు నొక్కే ప్రెస్సుల షెడ్డులో, వాళ్ళ భాషలో షాపులో, ఇనప సుత్తుల మధ్య ఇరవై ఏళ్ళు పనిచేసి చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చినవాడు. పగలంతా చీమ చిటుక్కుమన్నా పట్టుకునే మనిషి సాయంత్రం ఇంటికెళ్ళి, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని వీధి చివరిదాకా వినపడేలా అరవాలి. మీ ఇద్దరివీ కలిపి సగటు తీస్తే మామూలు చెవులే కదా వదినా అని చెల్లెలి మొగుడు వేళాకోళం చేసేవాడు.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీకి బేరాలు లేవు, ప్లాను ఉండేది. ఎన్ని పంపులు కావాలో ఎక్కడో పైన ఎవరో నిర్ణయించేవారు. వాటిని వాడేవాళ్ళకు ఆ శ్రమ ఇచ్చేవారు కాదు. నెలలో మొదటి పదిరోజులు పోత పోసిన ఇనప భాగాలు వచ్చేవి కావు. రెండో పదిరోజులు పోతలు వచ్చేవి, బేరింగులు వచ్చేవి కావు. మూడో పదిరోజుల్లో అన్నీ ఒక్కసారే వచ్చిపడేవి. నెల పనంతా చివరి వారంలో పరుగుల మీద చేసేవారు. గ్రీజు పెట్టాల్సినచోట పెట్టడానికి తీరిక ఉండేది కాదు, బిగించాల్సినచోట సుత్తితో ఒక్కటిచ్చేవారు. పంపుల్ని ఎంత తొందరపెడితే అంత చప్పుడు చేస్తాయి.

వాటినన్నిటినీ తిప్పికొడితే నెల లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే ఫ్యాక్టరీ మొత్తానికి రావాల్సిన అదనపు జీతం పోతుంది. అంటే నాలుగొందల మంది నోటికాడ కూడు తీసినట్టే. ప్లాను విభాగంలో ఒకాయన ఉండేవాడు, శాతాలాయన అనేవారు. ఆయనకు పంపు ఎటునుంచి నీళ్ళు తాగుతుందో తెలియదు కానీ, నెలాఖరున ప్రతి షాపులోనూ తిరిగి నూటికి నూట రెండు కావాలనేవాడు. ఆ పైన రెండు ఎందుకో ఆయనకూ తెలియదు. అడిగినవాడూ లేడు.

అందుకని పెద్దాయన ఒక ఏర్పాటు చేశాడు. పాసైన పంపు అడుగున పసుపు రంగుతో సన్న కుంచె పెట్టి టిక్కు కొట్టడం తనిఖీవాళ్ళ పద్ధతి. నిజంగా పాసైన దానికి తిన్నటి టిక్కు. నెలాఖరు సరుకుకి మాత్రం టిక్కు చివర చిన్న తోక. విన్నాను, ఇది బాగాలేదు, అయినా పంపిస్తున్నాను అని దాని అర్థం. గేటు లోపల ఈ సంగతి స్వీపరు నుంచి లోడింగు మేస్త్రి దాకా అందరికీ తెలుసు. గేటు బయట ఒక్కరికీ తెలియదు. లోడింగు మేస్త్రి తోకవాటిని వేరుచేసి, ఫిర్యాదు ఉత్తరం రావడానికి మూడు నెలలు పట్టే దూరాలకు ఎక్కించేవాడు. తోక లేనివి పెద్ద అధికారుల క్వార్టర్లకూ, ఆసుపత్రులకూ వెళ్ళేవి.

పెద్దాయన ఉద్యోగం దిగిపోయేరోజు ఆమెను పక్కకు పిలిచి ఒక్కటే చెప్పాడు.

"తోకది ఆసుపత్రికి పోకూడదమ్మా. మిగతా వాటికి దండం పెట్టి వదిలెయ్. ఇదొక్కటి మాత్రం పట్టుకో."

ఆమె పట్టుకుంది. దండం పెట్టి వదలడం మాత్రం చేతకాలేదు. కొత్తల్లో ఒకసారి చెల్లెల్ని చూడ్డానికి కొండవాలు కాలనీకి వెళ్ళింది. బస్సు దిగి రెండు మలుపులు నడిచేసరికి పళ్ళు నూరుతున్న చప్పుడు వినపడింది. అది తన బల్ల మీద విన్నదే. మోటారు గది బయట ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. ఆమె వెళ్ళి వంగి చూసింది. అడుగున పసుపు టిక్కు, దాని చివర వంకరగా తన చేతి తోక. ఏ తల్లి కన్న పాపిష్టి దీన్ని పాస్ చేసిందో అని ఒక ముసలావిడ తిడుతోంది. చెవక్క కొంగు బిగించి పంపు విప్పింది, కాస్తో కూస్తో తెలుసులెమ్మని చెప్పి గ్రీజు పెట్టి బిగించింది. అందరూ ఆమెను చల్లగా ఉండమ్మా అన్నారు. ఆ దీవెన ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తరవాత చెల్లెలింటికి ఎప్పుడు వెళ్ళినా సంచిలో పిల్లలకు బిస్కట్లతోపాటు ఒక కొత్త బేరింగు ఉండేది. మా అక్కకి చుట్టరికం మాతో కాదు, మోటారు గదితో అని చెల్లెలు నిష్ఠూరమాడేది.

ఇలా ఇరవై ఆరేళ్ళు గడిచాక ఒకరోజు గేటు మీద బోర్డు మార్చారు. ఇకమీదట ధరలు సర్కారు చెప్పదట, బజారు చెబుతుందట. మర్నాడు మళ్ళీ మార్చారు, ఎందుకంటే మొదటి బోర్డు రాసినవాడు పాత అలవాటు కొద్దీ కింద ప్రజల ఆస్తి అని రాసేశాడు. మూడోసారి మార్చినప్పుడు బోర్డు మీద సగం స్థలం బయటి దేశపు కంపెనీ పేరుకు పోయింది. వాళ్ళు భాగస్వాములు. వాళ్ళు పరిజ్ఞానం ఇస్తారు, మనం షెడ్లూ మనుషులూ ఇస్తాం. భోజనాల హాల్లో గోడకు పెద్ద పటం తగిలించారు. అందులో ఒక బాణం గుర్తు వాళ్ళ దేశంనుంచి బయల్దేరి నేరుగా మన ఫ్యాక్టరీ నెత్తిన దిగుతుంది. దాని మీద పరిజ్ఞాన బదిలీ అని రాసి ఉంది.

శాతాలాయన టై కట్టాడు. నిన్నటిదాకా ప్లాను అని పలికిన నోటితో బజారు అనడం మొదలుపెట్టాడు. మిగతా వాక్యం మార్చాల్సిన పనే రాలేదు.

బాణం వెంబడి మొట్టమొదట వచ్చింది ఒక యంత్రం. పంపుల చప్పుడు విని మంచిదో చెడ్డదో చెప్పే యంత్రం. దానికి తీగలూ తెరలూ రెండు దీపాలూ ఉన్నాయి. మంచిదైతే పచ్చ దీపం, చెడ్డదైతే ఎర్రదీపం. వెనకాలే ఒక కళ్ళజోడు ఇంజనీరు వచ్చాడు. ఆయన మాట మనకు చెప్పడానికి, మన మాట ఆయనకు చెప్పడానికి, మొన్నటిదాకా బడిలో పాఠాలు చెప్పుకున్న ఒకావిణ్ణి దుబాసీగా పెట్టారు. యంత్రం కుదురుకున్న రోజునుంచి చెవక్క బల్ల అవసరం లేదని, అంతదాకా ఉండమని శాతాలాయన చెప్పాడు. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. మధ్యలో ఇంటికి పంపిస్తే వచ్చేది సగం పింఛనే. ఆమె ఆ సంగతి ఇంట్లో అరిచి చెప్పింది. ఫ్యాక్టరీకి వినే యంత్రం కొన్నారా, అయితే పనిలో పనిగా నాకూ ఒకటి అడగరాదూ అన్నాడు భర్త.

మొదటి రోజు యంత్రం కింద రెండొందల పంపులు పెట్టారు. రెండొందలకూ ఎర్రదీపమే. రెండో రోజూ అంతే. అది వాళ్ళ దేశపు బేరింగుల చప్పుడుకు అలవాటుపడిన యంత్రం. మన బేరింగు ఎంత నెమ్మదిగా తిరిగినా దానికి గొడవగానే ఉంది. శాతాలాయన పుట్టి బుద్ధెరిగాక నూటికి సున్న అన్న మాట పలకాల్సి రావడం అదే మొదలు. ఆ పూట టై వదులు చేసుకుని కూర్చున్నాడు.

దానికి నేర్పాలన్నాడు ఇంజనీరు. ఇక్కడివే ఐదొందల మంచి పంపులు ఇవ్వండి, వాటిని వినిపిస్తే ఇక్కడ మంచి అంటే ఏమిటో అదే తెలుసుకుంటుందన్నాడు. మంచివని ఎలా తెలుస్తుందని అడిగాడు. పాసైన పంపుకి పసుపు టిక్కు ఉంటుందని శాతాలాయన చెప్పాడు. గోదాములో టిక్కు ఉన్నవి ఐదొందలు లెక్కపెట్టి తెచ్చారు.

ఇప్పుడు గోదాములో ఏముంటాయి? తిన్నటి టిక్కులు వచ్చినవి వచ్చినట్టే వెళ్ళిపోతాయి. ఎవరూ అడగనివే మిగులుతాయి. ఆ ఐదొందల్లో నాలుగొందల డెబ్భైకి తోకలున్నాయి. ఇంజనీరు వాటిని చూసి, ఆ వంపు చేతి వేగం వల్ల వచ్చిందనుకున్నాడు, చాలా అందంగా ఉందని కూడా అన్నాడు. శాతాలాయన కళ్ళు తోకల మీద పడ్డాయి, చెవక్క కళ్ళు శాతాలాయన మీద పడ్డాయి. తోక సంగతి చెప్పాలంటే ఇరవై ఆరేళ్ళ నూట రెండు సంగతీ చెప్పాలి. ఆయనకు కుర్చీ భయం. ఆమెకు పింఛను భయం, యంత్రం ఎంత ఆలస్యంగా నేర్చుకుంటే అంత మంచిది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ ఊరుకున్నారు.

యంత్రం బుద్ధిగా నేర్చుకుంది. పళ్ళు నూరడమే పంపుకి ఆరోగ్యమని దాని మనసులో గట్టిగా నాటుకుంది. నెల తిరిగేసరికి నూటికి తొంభై పంపులకు పచ్చదీపం వెలుగుతోంది, శాతాలాయన టై మళ్ళీ బిగిసింది. విచిత్రం ఏమిటంటే, చప్పుడు చెయ్యని పంపు వస్తే యంత్రం కంగారుపడి ఎర్రదీపం వెలిగించేది. పంపు తిరగడమే లేదనుకునేది కాబోలు. ఇలా వంద దాకా నిఖార్సైన పంపులు రిజెక్టు అనిపించుకుని వెనక పెరట్లో వానకు తడుస్తున్నాయి. చెవక్క ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళి వాటికి వైరు తగిలించి ఒక్కొక్కటే విని చూసింది. ఏమీ వినపడలేదు. అలవాటు కొద్దీ అన్నిటికీ తిన్నటి టిక్కు కొట్టింది. మనసులో ఏడ్చుకుంది కానీ, ఈ ఎర్రదీపాల సంగతి తేలేదాకా బల్ల ఇంకా తనదే కదా అని ఊరుకుంది.

ఆ ఊరుకోవడం ఎన్నాళ్ళు సాగేదో చెప్పలేం. ఇంతలో కొత్త బోర్డు కింద మొట్టమొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆసుపత్రులకు అరవై పంపులు.

పింఛనా, పెద్దాయన మాటా అని రెండు రోజులు కొట్టుమిట్టాడింది. యంత్రం ఎవరి మాటా పట్టుకోలేదు, దానికి ఆసుపత్రీ ఒకటే, పశువుల కొట్టమూ ఒకటే. మూడోనాడు పొద్దున్నే ఇంజనీరు గదికి వెళ్ళి, దుబాసీ ఆవిణ్ణి కూర్చోబెట్టి, శాతాలాయన అక్కడే ఉండగా మొత్తం చెప్పేసింది. టిక్కు ఏమిటో, తోక ఏమిటో, నెలాఖరు ఏమిటో, కొండవాలు కాలనీ ఏమిటో. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని తోకలు వేసిందో లెక్క లేదంది. శిక్ష ఏదైనా వేసుకోమంది. ఆసుపత్రికి మాత్రం ఆ పచ్చదీపం పంపులు పంపొద్దంది. శాతాలాయన కిటికీలోంచి ఏదో ముఖ్యమైనది చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఇంజనీరు నవ్వలేదు, కోప్పడలేదు. అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. తోక బొమ్మ కూడా వేసుకున్నాడు.

పదిహేను రోజులు ఆమె ఉద్యోగం పోయిందనే ఉత్తరం కోసం ఎదురుచూసింది. ఉత్తరం రాలేదు, కబురు వచ్చింది. పై అంతస్తులో సమావేశం. బయటి దేశంనుంచి వ్యాపార వ్యూహం చూసేవాళ్ళు ముగ్గురు దిగారు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే లేచి చప్పట్లు కొట్టారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

విషయం దుబాసీ ఆవిడ విడమరిచి చెప్పింది. అన్ని పంపులూ ఒకేలా మంచిగా చేసి ఒకే ధరకు అమ్మడం బజారు తెలియనివాళ్ళు చేసే పని. ఇచ్చుకోగలిగినవాళ్ళకు ఒక రకం, లేనివాళ్ళకు ఒక రకం ఉండాలి. రెండో రకం తరచూ చెడుతుంది కాబట్టి దానితోపాటు మరమ్మతు ఒప్పందం కూడా అమ్ముకోవచ్చు. ఇదంతా తేల్చుకోవడానికి వాళ్ళ దేశంలో ఏళ్ళు పట్టింది. ఇక్కడ మాత్రం శాతాలాయన దూరదృష్టితో, ప్లాను కాలంలోనే, ఒక్క కుంచెతో ఆ పని సాధించాడు. శాతాలాయన తలవంచుకుని, ఏదో మీ అభిమానం అన్నాడు. జీవితమంతా ఏ తోకను చూసి ఆమె సిగ్గుపడిందో ఆ తోకను అందమైన నీలం అట్టమీద అచ్చు వేసి తెచ్చారు. ఇకనుంచి తిన్నటి టిక్కు బంగారు రకం, తోక టిక్కు నీలం రకం.

యంత్రానికి పాఠం మళ్ళీ మొదలైంది. ఈసారి చెవక్కే గురువు. నలభై రోజులు దాని పక్కన కూర్చుంది. ఆమె పళ్ళు నూరుతోంది అంటే దుబాసీ ఆవిడ ఆ మాటను ఎలా చెప్పాలో తెలియక తన పళ్ళే నూరి చూపించేది, ఇంజనీరు రాసుకునేవాడు. నలభయ్యో రోజుకి యంత్రానికీ ఆమెకూ ఒక్క పంపు విషయంలో కూడా పేచీ రాలేదు. ఆ పుస్తకం మూసి ఇంజనీరు తన దేశం పంపించాడు, అక్కడ వాళ్ళ మిగతా ఫ్యాక్టరీలకు పనికొస్తుందట. భోజనాల హాల్లో బాణం మాత్రం అటునుంచి ఇటే చూస్తోంది.

అంతా అయ్యాక ఆమె అసలు సంగతి అడిగింది, ఆసుపత్రికి ఏవి పోతున్నాయని.

"నీలం రకమేనమ్మా," అన్నాడు శాతాలాయన. "వాళ్ళే కోరుకున్నారు. ధర తక్కువ కదా."

"తెలిసే కోరుకున్నారా?"

"అట్టమీద తోక ఉందిగా. చూసుకోవాలి మరి."

అంతకంటే చిత్రం ఇంకోటి ఉంది. బేరింగులు ఇప్పుడు వేళకు వస్తున్నాయి, గ్రీజుకి కొదవ లేదు, నెలాఖరు పరుగులు పోయాయి. అందువల్ల నూటికి ఐదు పంపులు కూడా నీలం రకానికి తగినట్టు తయారవడం లేదు. బజారుకు కావాల్సింది నూటికి అరవై. వ్యూహంవాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమెను కూర్చోబెట్టి, ఇన్నేళ్ళ అనుభవం ఉంది కదా, తోక పంపు ఎలా తయారవుతుందో బిగింపు షాపువాళ్ళకు నేర్పమని అడిగారు. నేర్పితే రెండేళ్ళూ కుర్చీ కదలదని, పింఛను పూర్తిగా వస్తుందని మాట కూడా ఇచ్చారు.

చెవక్క వాళ్ళ ముఖాల్లోకి చూసింది. వాళ్ళు వేళాకోళం ఆడటం లేదు.

"నేర్పడానికేం లేదు బాబూ," అంది. "మూడు వారాలు వాళ్ళకి సామాన్లివ్వకండి. నాలుగో వారం నూట రెండు కావాలనండి. వాటంతటవే వస్తాయి. ఆ మాట ఎలా అనాలో సార్‌కి తెలుసు."

ఆమె వెటకారంగా అంది. వాళ్ళు రాసుకున్నారు. మరుసటి నెలనుంచి మొదటి మూడు వారాలు బేరింగులు స్టోర్సులో తాళం వేసి ఉంచారు, నాలుగో వారం శాతాలాయన షాపుల వెంట తిరిగాడు. ఆయన నడకలో పదేళ్ళ వయసు తగ్గింది. నూటికి అరవై రెండు తోకలొచ్చాయి.

వాటిలోంచి అరవై, ఆసుపత్రి పేరు రాసుకుని లోడింగు షెడ్డులో బారులు తీరాయి. లారీ శుక్రవారం వస్తుంది. వెనక పెరట్లో ఆ వంద నిశ్శబ్దపు పంపులు ఇంకా అలాగే ఉన్నాయి. అవైనా ఇవ్వరాదా అని ఆమె అడిగింది. యంత్రానికి బుద్ధి రాకముందు రిజెక్టయినా, ఒకసారి రిజెక్టయిన నంబరు భాగస్వాముల నియమం ప్రకారం రిజెక్టేనట. లారీ వెళ్ళాక, పై సోమవారం వాటిని కరిగించడానికి పంపిస్తారట.

నంబరు ఎక్కడుంటుంది? పంపు పక్కన చిన్న రేకు మీద. రేకును పట్టుకుని ఉండేవి రెండు స్క్రూలు.

ఆ వారం సోమవారం నుంచి గురువారం దాకా మధ్యాహ్నం అన్నాల గంట కొట్టగానే చెవక్క భోజనాల హాలుకు కాకుండా వెనక పెరట్లోకి నడిచింది. లోడింగు మేస్త్రి తోపుడు బండి మీద షెడ్డులోంచి పదిహేను పంపులు తెచ్చేవాడు, పదిహేను తీసుకెళ్ళేవాడు. అతను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఏ పంపు ఎటు పోవాలో ఆమె టిక్కును బట్టి తేల్చుకోవడం అతనికి ఇరవై ఏళ్ళ అలవాటు. పెద్దాయనకు వేసిన ఒట్టు తప్పి ఆ స్క్రూడ్రైవరు మొట్టమొదటిసారి స్క్రూలు తిప్పింది. అరవై జతల పంపులు, రేకులు అటువి ఇటు మార్చాలంటే జతకు నాలుగు స్క్రూలు తీసి మళ్ళీ నాలుగు బిగించాలి. రెండో రోజుకే మొన అరిగింది, అరచేతిలో బొబ్బలు లేచాయి. బొబ్బల కంటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది చివరి పని. నీలం రకానికి తోక ఉండాలి కాబట్టి, చప్పుడు లేని ఆ అరవై మంచి పంపుల అడుగున, తన చేత్తోనే, తిన్నటి టిక్కులకు తోకలు గీసింది. ఇన్నేళ్ళలో ఆమె వేసిన అబద్ధపు తోకలు అవే.

శుక్రవారం లారీ వెళ్ళింది. సోమవారం నీలం పంపులు అరవై, మిగిలిన రిజెక్టులతో కలిసి కొలిమికి పోయాయి. లెక్కలన్నీ సరిపోయాయి, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నేర్పిన పాఠం ఫలించింది కనుక మాటిచ్చినట్టే రెండేళ్ళూ ఆమెకు కుర్చీ ఉంచారు. యంత్రం పక్కన కూర్చుని దాని అద్దం తుడవడం పని.

దిగిపోయేరోజు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. భాగస్వాముల నుంచి ధ్వని పరీక్ష పరిజ్ఞానాన్ని విజయవంతంగా నేర్చుకున్నందుకు అని అందులో రాసి ఉంది. అసలు పేరుతోనే రాశారు. భర్త అది చదివి, ఇదెవరిదే, పొరపాటున తెచ్చుకున్నావా అని అడిగాడు.

పింఛను వచ్చిన మొదటి నెల భర్త చెవులు చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళారు. వరసలో చాలామంది ఉన్నారు. మెట్లకింద మోటారు గది తలుపు తీసి ఉంది. ఆమె సంచిలోంచి మొన అరిగిన స్క్రూడ్రైవరు తీసింది. వెళ్ళి పంపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కొళాయిల్లో నీళ్ళు ధారగా పడుతున్నాయి. పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది. కంటినిండా నీళ్ళొచ్చాయి. భర్త వెనకనుంచి వంగి, ఏం వినపడుతోందని అడిగాడు.

"ఏమీ వినపడ్డంలేదు," అంది గట్టిగా.

"నాకూ అంతే," అన్నాడాయన ఊరడింపుగా.

ఇంటికొచ్చే దారిలో బస్టాపు గోడమీద పెద్ద పోస్టరు కనపడింది. నీలం పంపు బొమ్మ, పక్కన తెల్లకోటు వేసుకున్న డాక్టరు. రెండేళ్ళలో ఒక్క మరమ్మతు లేదు, ఆసుపత్రులే నమ్మిన నీలం రకం, మీరింకా ఆలోచిస్తున్నారా అని రాసి ఉంది. కింద మూలన, నూటికి నూరు శాతం. అది ఎవరు రాయించారో చెప్పక్కర్లేదు. చెవక్క దాని ముందు నిలబడిపోయింది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చెల్లెలు ఫోను చేసింది. గొంతులో సంతోషం పట్టడం లేదు. కొండవాలు కాలనీవాళ్ళందరూ కూడబలుక్కుని పాత పంపు పీకించి కొత్తది పెట్టించుకున్నారట. ఇక నువ్వొచ్చినప్పుడల్లా ఆ గదిలో కూర్చోనక్కర్లేదక్కా అంది.

"ఏ రకం కొన్నారే?"

"నీలం. ఆసుపత్రిలో పెట్టిందే అక్కా, ఊరికే తీసుకుంటామా?"

అవతల చెల్లెలు ఇంకా ఏదో చెబుతోంది, ఆ మాటల వెనక కిటికీలోంచి కాబోలు సన్నగా పళ్ళు నూరుతున్న చప్పుడు వస్తోంది. వచ్చే వారం వస్తానని చెప్పి చెవక్క ఫోను పెట్టేసింది. అలమర పై అరలోంచి సంచి దింపి, అందులో ఒక బేరింగు పెట్టింది. కాసేపు ఆలోచించి ఇంకొకటి కూడా పెట్టింది.